ఊడే కాళ్ళ కప్పలు

ఆ బడి పెద్ద టీచరమ్మకి అనుమానం పుట్టుకతో వచ్చింది. గోడ గడియారం టైము చెబితే చేతి గడియారం చూసేది, అది కూడా అదే చెబితే ఆయమ్మని అడిగేది, ఆయమ్మ చెబితే "నీకెలా తెలుసు?" అని నిలదీసేది.

కొత్తగా చేరిన చిన్న టీచరుకి ఈ సంగతి తెలియదు, పాపం. తల్లిదండ్రులు వచ్చి చూసే రోజుకి, కప్ప బతుకంతా ఒక కాగితం పళ్ళెం మీద పిల్లల చేత చేయిద్దామని ఉబలాటపడింది. సగ్గుబియ్యంతో గుడ్లు, రంగుమట్టితో తోకకప్పలు, తర్వాత కాళ్ళు మొలిచిన తోకకప్పలు, చివరికి ఆకుపచ్చ కాగితంతో అసలు కప్ప.

పెద్ద టీచరమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "గుడ్లు తగ్గాయేం?"

"పిల్లలు అంటించారండీ."

"అంటించారో, మింగారో! ఏదీ, అందరూ నోళ్ళు తెరవండి."

తరగతంతా నోళ్ళు తెరిచింది. చిన్న టీచరు కూడా తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు.

పళ్ళాలు బడి గడప దాటకూడదని ఆవిడ ఆజ్ఞ. అయినా ఒకడు చొక్కాలో దాచుకుని ఇంటికి పట్టుకెళ్ళి మర్నాడు తెచ్చాడు. పెద్ద టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఈ కప్పకి కనురెప్పలు ఎవరు పెట్టారు నాన్నా?"

"అమ్మ."

"వేళ్ళ మధ్య పొరలు?"

"నాన్న."

"మరి నువ్వేం చేశావు?"

"నిద్రపోయా."

"అయితే రేపట్నుంచి వాళ్ళిద్దర్నీ బడికి పంపి, నువ్వు ఇంట్లో పడుకో."

ఆ రోజు నుంచి ఆవిడ ఒక పరీక్ష కనిపెట్టింది. ప్రతి కప్ప కాలూ పట్టుకుని లాగేది. "పసివాళ్ళు అంటించింది ఊడాలి. ఊడలేదంటే అందులో పెద్దల చెయ్యి ఉన్నట్టే!" ఊడని కప్పలన్నీ బీరువాలోకి పోయేవి, పిల్లలు మళ్ళీ తమ చేత్తో చేసేవాళ్ళు. తాళంచెవి ఎవరికీ దొరకని చోట దాచేది. అవసరానికి ఆవిడకీ దొరికేది కాదు.

ఇదంతా చూసి నవ్వుకుంటున్న చిన్న టీచరుకి చిట్టి విషయంలో మాత్రం నవ్వు రాలేదు. చిట్టికి ఇంట్లో నాన్న ఒక్కడే. బస్సు నడుపుతాడు. తెల్లారకముందే వెళ్ళి పొద్దుపోయాక వస్తాడు. చిట్టి కప్పకి నాలుగు కాళ్ళూ ఒకే పక్కన ఉన్నాయి. పైగా కనురెప్పల కప్పని చూసినప్పటి నుంచీ ఆ పిల్ల తన పళ్ళెం బల్ల కింద దాచేసింది.

"అందరూ చూడ్డానికొచ్చే రోజు నేను రాను టీచర్. నాన్నని కూడా రావద్దని చెప్తా," అంది గొంతు తగ్గించి.

చిన్న టీచరు మనసు ఆగలేదు. అందరూ వెళ్ళాక తలుపు వేసుకుని చిట్టి పేరుతో ముద్దులొలికే కప్పని చేసింది. తలెత్తేసరికి కిటికీలో కళ్ళజోడు.

"ఎవరి చెయ్యి ఇది?"

"చిట్టి..."

పెద్ద టీచరమ్మ లోపలికొచ్చి కాలు లాగింది. ఊడలేదు. దాన్నీ బీరువాలో పెట్టేసింది. ఈవిడకి గుండె లేదని చిన్న టీచరు ఇంటికెళ్ళేదాకా తిట్టుకుంటూనే ఉంది.

తల్లిదండ్రులు వచ్చే రోజు రానే వచ్చింది. పెద్ద టీచరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సంచిలో ఏముందమ్మా?"

"గొడుగండీ."

"గొడుగుకి ఉబ్బెత్తు కళ్ళేమిటి?" ఆ పళ్ళెమూ బీరువాలోకి పోయింది.

లోపల గోడ నిండా వంకర కప్పలే. ఒకదానికి మూడు కాళ్ళు, ఒకదానికి కళ్ళు పొట్ట మీద. ఎదుటివాళ్ళ కప్పని చూసి నవ్వబోయిన తల్లి, పక్కనే తన బిడ్డ కప్ప కనబడి నోరు మూసుకుంది. అన్నీ ఒకే తానులో ముక్కలు!

గుమ్మం పక్కన నిలబడి చిట్టి గోడంతా ఓసారి చూసింది. తర్వాత బల్ల కిందికి దూరి, పళ్ళెం తెచ్చి, నాన్న చేతిలో పెట్టింది. చిట్టి వద్దన్నా ఆయన వినలేదు, డ్యూటీ చొక్కా కూడా మార్చుకోకుండా పిల్లని వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు.

"కాళ్ళన్నీ ఒకే పక్కనున్నాయేం తల్లీ?"

"మలుపు తిరుగుతోంది నాన్నా."

"మరి హారన్ కొట్టదూ?"

"బెక బెక!" అని గదంతా వినబడేలా అరిచింది చిట్టి.

చిన్న టీచరు పెద్దావిడ పక్కకి చేరింది. "చిట్టి కోసమేనా అండీ ఇదంతా?"

"ఎవరు చెప్పారు నీకు? ఆయమ్మా?"

"ఎవరూ చెప్పలేదు."

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పోయినేడు పెద్దలు చేసిచ్చిన బొమ్మల మధ్య ఒక పిల్లాడి వంకర బొమ్మ చూసి అందరూ నవ్వారు. వాడు మళ్ళీ ఈ బడి మొహం చూడలేదు. సాయం చేసేవాళ్ళు లేని ఇళ్ళున్నాయి, మీరూ చెయ్యకండి అని తల్లులకి చెబితే ఏం చేస్తారు? జాలిపడి చిట్టిలాంటి పిల్లకీ ఒకటి చేసి పంపుతారు, నీలాగే. అప్పుడు దాని చేత్తో చేసింది ఏం మిగులుతుంది? అదే, ముసల్దానికి అనుమానం జబ్బు అంటే ఎదురు మాట్లాడకుండా ఊరుకుంటారు."

చిన్న టీచరు కళ్ళు చెమర్చాయి. ఆవిడనే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తున్నావు? నా మీదేమైనా అనుమానమా?"

"అవునండీ. మీరు చాలా మంచివారేమోనని."

"ఆ అనుమానం నీ దగ్గరే ఉంచుకో. బయట తెలిసిందంటే ఈ తల్లులు నా మాట వినరు," అని కసిరి, గుమ్మంలో కొత్తగా కనబడిన సంచి వైపు గబగబా నడిచింది.