మిల్కీకి పట్టిన పసుపు

“కుక్కలకు బడి పెడతవా? మనుషుల బళ్లే సక్కగ నడుస్తలేవు!” అన్నాను నేను.

“బడి కాదు అమ్మమ్మా, డే కేర్. ఆఫీసుకు పొయ్యేటోళ్లు పొద్దున వదిలిపోతరు, సాయంత్రం తీస్కపోతరు. నడుమల స్నానం పోస్త, బొచ్చు కత్తిరిస్త, గోర్లు తీస్త.”

“నీ గోర్లు నేను మొత్తుకుంటే గాని తీసుకోవు. ఊరోళ్ల కుక్క గోర్లు తీస్తవా? గిందుకేనా నిన్ను చదివిచ్చింది?”

“నువ్వు ఇన్నేండ్లు బర్రెలు కడిగినవ్ గదా, నిన్నెవరన్న అడిగిన్రా?”

“బర్రె పాలిస్తదే! కుక్క ఏమిస్తది?”

బర్రెలను అమ్మేశాక ఖాళీగా పడివున్న నా కొట్టాన్ని మనుమరాలు చీపురు పట్టి కడగడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదని నమ్మేదాన్ని. (ఆ రోజులంటే మరీ వెనకటివి కావు, రెండు ఎండాకాలాల కిందటివి. డెబ్బై దాటినవాళ్లకు కూడా ఒక కుర్రతనం ఉంటుంది. అది ఆలస్యంగా వస్తుంది, ఆపేవాళ్లు ఉండరు.) నా చదువు మూడో తరగతితో ఆగింది. అయినా ఇల్లు గడిపాను, పశువులను సాకాను, ఒక్క సబ్బు బిళ్లను కూడా సగంలో పారేయలేదు. మనుమరాలు హైదరాబాదులో ఇలాంటి కుక్కల దుకాణంలోనే పని నేర్చుకుంది. అక్కడ ఉండలేక మా సత్తుపల్లి వచ్చేసింది. ఆ ఎండాకాలం లోపల పని కుదిరితే ఇక్కడే ఉంటానని, కుదరకపోతే తిరిగి వెళ్లిపోతానని వాళ్లమ్మకు మాట ఇచ్చింది. వెళ్లిపోతే ఇంట్లో నాతో పోట్లాడేవాళ్లు ఉండరు. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు.

బోర్డు పెట్టి నెల దాటినా వచ్చి చూసి నవ్వి వెళ్లినవాళ్లే గాని కుక్కను తెచ్చినవాళ్లు లేరు. చివరికి బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో పనిచేసే ఒక ఆఫీసరు గారి భార్య వచ్చింది. ఆవిడ బళ్లో పాఠాలు చెబుతుంది. పగలంతా ఒంటరిగా ఉండి కుక్క మొరుగుతుంటే క్వార్టర్లలో గొడవవుతోందట. “ఒక్కరోజు చూస్తానమ్మా. బాగుంటే రోజూ పంపిస్తా, మా లైన్లో మిగతావాళ్లకూ చెప్తా” అంది. కుక్క పేరు మిల్కీ. పాలలాగే తెల్లగా, నా చెయ్యి మునిగేంత బొచ్చుతో ఉంది.

మనుమరాలు బొచ్చు పాయలు తీసి చూసి, “అమ్మమ్మా, దీనికి గోమార్లు పట్టినయే. రక్తం పీల్చి పెసరగింజల లెక్క ఉబ్బినయి. నేను పొయ్యి పశువుల మందుల షాపుల మందు తెస్త. నువ్వు ఊకెనే చూస్కుంట కూసో. చెయ్యి పెట్టకు” అని బండి తీసింది.

పెరట్లో వేపచెట్టు ఉండగా గోమార్లకు మందు కొనడమేమిటని నాకు కోపం వచ్చింది. బర్రెలకు ఏం చేసేదాన్నో అదే చేశాను. గుప్పెడు వేపాకు, దానికి రెండింతలు పసుపు రోట్లో మెత్తగా నూరి, కుక్కకు తల నుంచి తోక దాకా పట్టించాను. (బర్రె నల్లగా ఉంటుంది. ఈ తేడా నాకు ఆ సమయంలో తట్టలేదు.) అది కదలకుండా కళ్లు మూసుకుని కూర్చుంది. ఊపిరాడక ఒక్కో గోమారి బయటికి వస్తుంటే ఏరి మూత ఉన్న స్టీలు గిన్నెలో వేశాను. ఆరాక చూస్తే కుక్క నలుగు పెట్టిన పెళ్లికూతురిలా ఉంది.

బట్టల సబ్బు తెచ్చి గబగబా రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని చీరలు ఉతికిన ప్రతి ఆడదానికీ తెలుసు. నాకూ తెలుసు. కుక్క ఎర్రబడ్డాక గుర్తొచ్చింది.

మనుమరాలు వచ్చి బండి మీది నుంచి దిగకుండానే చూసింది. “అమ్మమ్మా, నా కుక్కేది?”

“గదే.”

మనుమరాలు అరవలేదు. అరిస్తే బాగుండేది. పరుగున పోయి నిమ్మకాయలు తెచ్చి రసం పిండి కడిగింది. ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. “కొంచెం నయమైంది” అన్నాను. అది నవ్వలేదు. ఆ తర్వాత షాంపూతో నాలుగుసార్లు కడిగినా రంగు నిమ్మపండు దగ్గరే ఆగిపోయింది.

అయిదింటికి బడి నుంచి మేడం వచ్చింది. “ఇది... మిల్కీయేనా?”

మనుమరాలు తువ్వాలుతో కుక్కను ఇంకా తుడుస్తూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక నేను చేసింది తప్పని ఎవరి ముందూ ఒప్పుకున్నదాన్ని కాను. మెట్టు దిగి వెళ్లి, “నేనే పూసిన. పిల్ల వద్దనే చెప్పింది, నేను ఇనలే. దాన్నేమనకు” అన్నాను. మాట అక్కడితో ఆపాల్సింది. ఆపలేక గిన్నె చేతికిచ్చి, “ఇగో, నీ కుక్క మీది గోమార్లే” అన్నాను. ఆవిడ మూత తీసి చూసి, వేసి, గిన్నె నాకే ఇచ్చి, కుక్కను కార్లో ఎక్కించుకుని వెళ్లిపోయింది.

మనుమరాలు వెళ్లి బోర్డు విప్పి గోడకు తిరగేసి ఆనించింది. “హైదరాబాదు బస్సు ఎన్నింటికో కనుక్కుంట” అంది. నేను అన్నం వడ్డించాను. ఇద్దరమూ తినలేదు. అన్నీ తెలుసనుకుని రోలు ముందు కూర్చున్న ఆ ముసలిదాన్ని తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆ సాయంత్రం మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు కారు ఆగింది. మేడం కుక్క తాడును మనుమరాలి చేతికిచ్చి, “రాత్రి గోక్కోకుండా నిద్రపోయింది. పెద్దావిడ ఉంటారా?” అని అడిగింది.

“ఉంటది మేడం” అంది మనుమరాలు భయపడుతూ.

మేడం కుక్క చెవి మడిచి చూపించింది. “చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఆవిణ్నే తియ్యమనండి. పసుపు లేకుండా.”

నేను కళ్లజోడు తుడుచుకుని పీట మీద కూర్చున్నాను. పచ్చకుక్క వచ్చి ఒళ్లో తల పెట్టింది.