మరవ మీద సంచులు

డిగ్రీ పాసయ్యాను. ఫస్ట్ క్లాసు. మా ఇంట్లో అంతకుముందు కాలేజీ మొహం చూసినవాళ్లే లేరు. ఆ ఏడు ఫలితాలు ఆలస్యమై వానల్లోకి జారాయి. అనంతపురంలో కాలేజీ గోడకు అంటించిన కాగితం మీద నా నంబరు కనబడగానే పక్కనున్న అమ్మాయి భుజాలు పట్టుకుని ఊపేశాను. ఆమె ఎవరో నాకు తెలియదు. కుందుర్పి బస్సులో కండక్టరుకు కూడా చెప్పాను. "ఇంగ ఉద్యోగమెప్పుడమ్మా?" అని ఆయన టికెట్టు చించి ఇచ్చాడు.

బస్సు దిగి ఊళ్లోకి వస్తే మా వీధిలో ఎవరూ లేరు. అమ్మ ఒక్కతే, జొన్నల మూట నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది.

"అమ్మా, పాసయినా."

"మంచిదే పాపా. ఎనుమును ఇప్పుకోని బడికాడికి తోలుకపో. కట్ట కారతాండాది."

మా పెరటిని ఆనుకునే చెరువు కట్ట. అది తెగితే మొదట పోయేది మా వీధే. చెరువు ఎండిపోయి ఉన్న ఏండ్లలో ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అంతకుముందు కట్ట లోపలివైపు పొడవునా జమ్ము మనిషెత్తున ఉండేది. అలలు అక్కడిదాకా వచ్చి అందులోనే ఆగిపోయేవి. నీటికోళ్లు పిల్లల్ని లేపుకుని పోయేదాకా జమ్ము మీద కత్తి పెట్టకూడదని ఊరి కట్టుబాటు. కోసినా చాపలకు, కొట్టం కప్పుకు సరిపడా కోసేవాళ్లు. కరువులో ఆ కట్టుబాటు పోయింది. మా నాయనలాంటి వాళ్లు జమ్మంతా కొట్టేసి, చెరువు కడుపులో వేరుశనక్కాయ వేశారు.

ఆ వానలకు చెరువు నిండి మరవ పారింది. ఎక్కువైన నీళ్లు పొర్లి వంకలో, అంటే వాగులో, పడి కింది ఊరి చెరువుకు పోయే రాతి గోడే మరవ. గంగమ్మకు చీర పెట్టి మొక్కారు. మొక్కి వచ్చి, ఎరువుల సంచుల్లో మట్టి నింపి మరవ మీద పేర్చారు. అన్నేండ్లకు వచ్చిన నీళ్లను వదలడానికి ఎవరికీ మనసొప్పలేదు. ముందు నిలబడి పేర్పించింది మా నాయనే.

ఎనుమును మిట్ట మీది బడి దగ్గర కట్టేసి కట్ట ఎక్కాను. నీళ్లు నా కాళ్లకు మూరెడు కిందే ఉన్నాయి. గాలికి లేచిన ప్రతి అల అడ్డం లేకుండా వచ్చి మట్టిని కొడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే మా పెరడు. కట్ట అడుగున నీళ్లు ఊరుతున్నాయి. తేటగా ఊరితే ఫరవాలేదు. ఎర్రగా వస్తే లోపల కట్ట కరుగుతున్నట్టు. మా వీధిలో చిన్నపిల్లలకూ తెలిసిన సంగతే. ఎర్రగా వస్తోంది. మరవవైపు పరిగెత్తాను.

మరవ దగ్గర పెదనాయన మా నాయన మీద అరుస్తున్నాడు.

"సంచులు తీయ్‌రా."

"తీస్తే రెండో పంటకు నీళ్లు యాడివి అన్నా?"

"కట్ట పోతే వడ్లు యాడ పండిస్తావప్పా, నీ ఇంటి మొండిగోడల మీదనా? మరవరాయి ఆ ఎత్తున పెట్టినోళ్లు పనిలేక పెట్టలేదు. ఆడికే నీళ్లు మనవి. పైవి కిందోళ్లవి."

నాయన మా పెరటివైపు చూశాడు. అప్పుడు నేను కనబడ్డాను.

"ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే. పాసయినా నాయనా."

"సరే. ఆ కొస పట్టుకో."

మొదటి సంచి నేనూ నాయనా లాగాం. తడిసి బండలా ఉంది. అన్నీ ఒక్కసారి తీస్తే మనుషుల్ని కూడా నీళ్లు ఈడ్చుకుపోతాయని ఒక పక్కనుంచి, నడుముకు మోకు కట్టుకుని తీశారు. సందు దొరికిన నీళ్లు ఒక్కసారి అరిచినట్టు దూకాయి. నేను కళ్లు మూసుకున్నాను. ఆ శబ్దం మరవదో కట్టదో నాకు తెలియలేదు.

"వంకలో గొర్రెలోళ్లు దిగింటారు" అన్నాడు నాయన. "నువ్వు పోయి కిందోళ్లకు ఫోన్ చెయ్. పరిగెత్తు."

ఊరికంతా ఒకటే ఫోను, అంగట్లో రూపాయి బిళ్ల వేసి మాట్లాడేది. నంబర్లు గోడ మీద బొగ్గుతో రాసి ఉంటాయి. మొదట కింది ఊరి అంగడాయనకు కలిసింది.

"మీ నీళ్లు మాకా? తమాషా చేయాకమ్మా. సంచులు పేర్చింది మీవోళ్లే కదా."

"తీసేసినామన్నా. వస్తాండాయి. వంకలో ఎవురూ ఉండకూడదు."

"నువ్వెవురు?"

ఎవరి కూతుర్నో చెప్పాను. భయంలో నోరు ఆగక, ఈ పొద్దే డిగ్రీ పాసయినానని కూడా చెప్పేశాను.

"సంతోషం తల్లీ. పెట్టేయ్, పోయి కేకేస్తా."

కట్ట నిలిచింది. ఇన్నేండ్ల తర్వాత ఇప్పుడు దాని లోపలివైపు మళ్లీ జమ్ము ఉంది. కావాలనే వదిలారు. కానీ ఆ పొద్దు అంగట్లో నిలబడ్డ నాకు అదేమీ తెలియదు. అక్కడినుంచి కట్ట కనబడదు, హోరు మాత్రం వినబడుతుంది. నా ఫోను కంటే నీళ్లే ముందు పోతున్నాయేమోనని ఇంకో రూపాయి బిళ్ల తీస్తున్నాను. గోడ మీద నంబర్లు వెతుక్కుంటున్నాను. ఇంకా ఫోను చేయాల్సినవాళ్లు: గొర్రెలోళ్లకు కబురందించే పాలకేంద్రం ఆయన, వంకలోనే ఉల్లిగడ్డ నాటిన మామ, ఇటుకబట్టీ మేస్త్రీ, సాయంత్రం బస్సును వంక దాటించే డిపోవాళ్లు, కింది చెరువు తూము చూసే ఆయన, వంక గట్టున మా అక్క అత్తగారి పక్కింటివాళ్లు.