వదలని చెయ్యి

డెల్బర్ట్ హాస్కిన్స్ చేతిలో చెయ్యి పెట్టినవాడికి ఆ పూట పని చెడినట్టే. పలకరింపుగా పట్టుకుంటాడు, ఇక వదలడు. మోంటానా కొండల్లోని ఆ చిన్న ఊళ్లో పోస్టుమాన్ ఉత్తరాలు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి దాచుకుని మరీ ఆయన తుపాకుల కొట్టు మెట్లెక్కేవాడు. ఓసారి ఓట్లడగడానికొచ్చిన పెద్దమనిషి ఆ పట్టులో చిక్కుకుని పక్క ఊరి సభ పోగొట్టుకున్నాడు.

ఆ ఊళ్లోనే పెరిగిన లోర్నాకి చిన్నప్పటినుంచీ ఒకటే ఆరా. అంతసేపు పట్టుకుని ఈయన ఏం చేస్తాడు?

అక్టోబరులో ఆమె కొట్టుకి వచ్చింది.

"బాబాయ్, వేటకి రివాల్వర్ కావాలి. ఉన్నవాటిలోకెల్లా పెద్దది."

"ఎవరికమ్మా?" అన్నాడు డెల్బర్ట్, అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని.

"నాన్నకి. అరవయ్యో పుట్టినరోజు."

"మరి చెయ్యేదీ?"

"నీ దగ్గరే ఉందిగా!"

"నీది కాదే పిచ్చిదానా, మీ నాన్నది."

లోర్నా నవ్వు ఆగిపోయింది. రంపపు మిల్లులో వాళ్ల నాన్న వెండెల్ కుడిచేతి చివరి రెండు వేళ్లూ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు, ఆయన అడవికి పోలేదు. వేటంటే పడిచచ్చే మనిషి కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చునేవాడు.

"పెద్ద తుపాకి చూస్తేనైనా లేస్తాడేమోనని..."

"లేస్తాడు. ఒక్క గుండు పేల్చి మళ్లీ కూలబడతాడు. పట్టు చాలకపోతే అది గాడిదలా తన్నుతుంది."

మర్నాడు డెల్బర్ట్ వెండెల్ గుమ్మంలో చెయ్యి చాచి నిలబడ్డాడు.

"ఇవ్వను" అన్నాడు వెండెల్.

"నేను దించను."

లోర్నా పెట్టిన కాఫీ చల్లారింది. మళ్లీ కాచింది. అదీ చల్లారింది.

"ఒరేయ్, నీ చెయ్యి నొప్పెట్టి చావదూ?" అన్నాడు వెండెల్.

"చస్తోంది. తొందరగా ఇవ్వు."

వెండెల్ ఫక్కున నవ్వి జేబులోంచి చెయ్యి తీశాడు. డెల్బర్ట్ దాన్ని పావుగంట పట్టుకుని వానల గురించీ దుప్పుల గురించీ మాట్లాడాడు. వేళ్ల ఊసే ఎత్తలేదు.

పుట్టినరోజున పెట్టె విప్పితే నలభైనాలుగు మాగ్నం రివాల్వర్, పొడుగు గొట్టం. కొట్టులో అన్నిటికన్నా పెద్దది కాదు గానీ బరువైనది. బరువుంటే తన్ను తగ్గుతుందట. దానికి కొత్తగా చెక్కిన చెక్క పిడి, కిందివైపు, లేని రెండు వేళ్ల చోట, ఉబ్బెత్తుగా ఉంది. వెండెల్ ఆ ఖాళీ తుపాకిని అందుకోగానే పిడి అరచేతిలో ఒదిగిపోయింది.

"కొలత ఎప్పుడు తీశావురా?"

"కొలతేమిట్రా? నేను వానల గురించి కదా మాట్లాడింది!"

ఊళ్లో ప్రతివాడి తుపాకీ వాడి చేతికి అంత ఇదిగా ఎలా అమరుతుందో లోర్నాకి అప్పటికి తెలిసింది.

వెండెల్ తుపాకి బల్లమీద పెట్టి, తనంతట తానే కుడిచెయ్యి చాచాడు. డెల్బర్ట్ పట్టుకున్నాడు. నిమిషమైంది, రెండైంది, కొవ్వొత్తులు కరిగి కేకుమీదికి కారాయి.

"ఒరేయ్ వెండెల్, ఇక వదలరా" అన్నాడు డెల్బర్ట్, "కేకు తినాలి."