ఇద్దరు కొడుకులు, ఒకటే పేరు

రంగూన్ నుంచి పెదనాన్న ఉత్తరం రాస్తే, పంపినవారి పేరూ అందుకోవాల్సినవారి పేరూ కవరు మీద ఒకటే ఉండేది. పోస్ట్‌మ్యాన్ దాదా మా గుమ్మంలో నిలబడి, రాసినవాడికే తిరిగొచ్చిందేమోనని ప్రతిసారీ తెగ అనుమానపడేవాడు. పాపం, ఆయన తప్పేం లేదు. మా నాన్న ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో తన అన్న పేరుతో ఉద్యోగం చేస్తున్నాడు.

జరిగింది ఇదీ. ఊళ్ళో మేస్త్రీ ఒకాయన వర్క్‌షాప్‌లో బరువులు మోసే ఖలాసీ పనికి పెదనాన్న పేరు రాయించాడు. తీరా పిలుపు వచ్చేసరికి ఆ మహానుభావుడు స్నేహితుల వెంటపడి రంగూన్ ఓడెక్కేశాడు. నోటి దాకా వచ్చిన రైల్వే ఉద్యోగాన్ని ఎవరైనా వదులుకుంటారా? తాతయ్య చిన్నకొడుకుని రైలెక్కించాడు. వర్క్‌షాప్ గేటు దగ్గర అన్న పేరు పిలిస్తే నాన్న ‘హాజర్’ అన్నాడు. ఇక జీతం, క్వార్టరు, మా బడి రికార్డులు అన్నీ పెదనాన్న పేరు మీదే నడిచాయి. కాగితాల లెక్కన నేను పెదనాన్న కూతుర్ని. అమ్మ సంగతి మరీ అన్యాయం. మొగుడి పేరు పలకకూడదు, బావగారి పేరూ పలకకూడదు. ఎందుకైనా మంచిదని ఆవిడ రెండూ మానేసింది. నాన్నను సొంత పేరుతో పిలిచేది నాయనమ్మ ఒక్కతే. అది ఆవిడ తండ్రి పేరు. పట్టుబట్టి పెట్టుకుందట.

బర్మా నుంచి మనవాళ్ళను పంపించేస్తున్న రోజుల్లో పెదనాన్న కొట్టు పోయింది. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఒంట్లో బాగాలేదు. ఓడలో చోటు దొరకాలంటే, ఇక్కడ తోడబుట్టినవాడు ఉన్నాడనీ, దిగాక తిండి పెడతాడనీ నోటరీ ముందు ప్రమాణం చేసిన కాగితం పంపాలని రాశాడు. అది వెళ్ళకపోతే ఆయన అక్కడే ఉండిపోవాలి. నాయనమ్మ ఆ ఉత్తరాన్ని చేత్తో తడుముతూ, చచ్చేలోగా పెద్దోడి మొహం చూస్తే చాలని ఏడ్చింది.

తన సొంత పేరుతో ప్రమాణం చేద్దామంటే నాన్నకు ఆ పేరుతో చిత్తుకాగితం ముక్క కూడా లేదు. ఉన్న సంగతి చెప్పేస్తే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు పోతుంది, ఆ వచ్చే పెదనాన్నతో సహా అందరం ప్లాట్‌ఫారం మీద పడుకోవాలి. అప్పటికి నేను రైల్వే బడిలో టీచరమ్మను కదా, ఇంగ్లీషు, బెంగాలీ వచ్చని నన్ను వెంటబెట్టుకుని మిదినాపూర్ కోర్టుకు బయల్దేరాడు.

నోటరీ బెంగాలీ వకీలు, పెద్దమనిషి. కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. ఫలానావాడి కొడుకు ఫలానా అను నేను, ఫలానావాడి కొడుకు ఫలానా నా అన్న అని ప్రమాణం చేస్తున్నాను. పేరూ అదే, తండ్రీ ఆయనే, ఊరూ అదే. నీకు నువ్వే అన్నవా అని అడిగాడు. నాన్న ఏమాత్రం తడబడకుండా, మా వైపు మొక్కుకున్న దేవుడి పేరే పిల్లలందరికీ పెడతామనీ, ఒకడు పెద్దోడు, ఇంకొకడు చిన్నోడు అవుతాడనీ చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, ఆ మాటలో అబద్ధం లేదు. మా క్వార్టర్ల లైనులోనే అలాంటివాళ్ళు బోలెడుమంది. అబద్ధమల్లా మా ఇంట్లోనే ఉంది.

నోటరీ నమ్మలేదు. రుజువు తెమ్మన్నాడు. తర్వాతి ఆదివారం నాన్న రుజువుల్ని లోకల్ రైలెక్కించాడు. ఒకే పేరున్న అన్నదమ్ముల జంటలు, ఇస్త్రీ బట్టలు, నూనె రాసిన తలలు, మధ్యలో సిగ్గుతో చచ్చిపోతున్న నేను. నోటరీ తన ఇంటి వరండాలో వాళ్ళను వరసగా నిలబెట్టి పేర్లు అడిగాడు. గుమస్తా ఒకటే పేరు రాసీ రాసీ చివరికి కలం కింద పెట్టేశాడు. మీ దేశంలో పేర్లకు కరువా అని నోటరీ నన్ను అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. దేవుడికి మొక్కుకున్నాక పేర్లు వెతుక్కుంటూ కూర్చోం అన్నాను. ఆయన నవ్వి, అయితే కన్నతల్లి వచ్చి వేలిముద్ర వేస్తే సీలు కొడతానన్నాడు.

ఇంట్లో అసలు రభస అప్పుడు మొదలైంది. నాయనమ్మ ససేమిరా అంది.

“మా అయ్య పేరురా అది. నాను పెట్టినాను. నానే పెట్టనేదని సెప్పాలేటి? పెద్దోడు రావాలంటే సిన్నోడ్ని వదులుకోవాలేటి?”

 ఆ రాత్రి నాన్నా, నాయనమ్మా అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి నాయనమ్మే చీర మార్చుకుని గుమ్మంలో కూర్చుంది.

నోటరీ ముందు, పెద్దకొడుకు పేరేమిటని అడిగితే టక్కున చెప్పింది. రెండోవాడి పేరేమిటని అడిగాడు. నేను తెలుగులోకి తిప్పి చెప్పాను. నాయనమ్మ నాన్న వంక చూసింది.  చివరికి పెద్దోడి పేరే మళ్ళీ చెప్పి భోరుమంది. దూరాన ఉన్న కొడుకు మీద బెంగ అనుకున్నాడేమో, నోటరీ స్వయంగా లేచి మంచినీళ్ళిచ్చి, ఎర్ర లక్క ధారాళంగా పోసి సీలు కొట్టాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి నాయనమ్మ నాన్నను ఆ పేరుతో పిలవలేదు. ఒట్టు వేసి మాట తప్పితే పెద్దోడి ఓడ మునిగిపోతుందని ఆవిడ భయం. ‘ఇదిగో’ అనేది. మా అమ్మ పిలుపూ అదే కావడంతో, ఎవరు పిలిచారో తెలియక నాన్న ఒకరి బదులు ఇంకొకరి దగ్గరికి పోయి తిట్లు తినేవాడు.

ఏడాది దాటాక పెదనాన్న విశాఖలో ఓడ దిగి రైల్లో వచ్చాడు. వద్దంటే వినకుండా నాయనమ్మ కూడా స్టేషనుకు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. నాన్న ఒక్కో పెట్టెలోకీ తొంగిచూస్తూ ప్లాట్‌ఫారం వెంట పరిగెడుతున్నాడు. తాను దాటి వచ్చేసిన పెట్టెలోంచి అన్న రేకుపెట్టెతో దిగడం చూసుకోలేదు. పెదనాన్న తమ్ముణ్ణి వెనకనుంచే గుర్తుపట్టి, చిన్ననాటి పేరు పెట్టి ఎలుగెత్తి పిలిచాడు. నాన్న తిరగలేదు. మళ్ళీ పిలిచాడు. అయినా తనను కానట్టు తర్వాతి కిటికీకి పోయాడు.

పక్కనే నాయనమ్మ లేచి నిలబడింది. ఓడ మునగలేదు, పెద్దోడు కళ్ళెదురుగా ఉన్నాడు. ఆవిడ తన తండ్రి పేరు పెట్టి కేకేసింది.

“ఓరి, నిన్నేరా పిలస్తన్నాడు. నిన్నే.”

అప్పుడు ఆగాడు నాన్న.