నోటి నర్సమ్మ చెప్పిన జవాబు

మొన్న సంత రోజున పొద్దున్నే వాన కురిసి వెలిసింది. అరకు సంతలో ఎండుచేపల వరస దాటానో లేదో, తడిసిన పొగాకు ఘాటు గుప్పున ముక్కుకి తగిలింది. గోనెపట్టాల మీద కట్టలు కట్టి పేర్చిన పొగాకు, దాని వెనక గొడుగుల కింద కూర్చుని చుట్టలు చుడుతున్న ఆడవాళ్లు. ఒక ముసలామె చుట్ట తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాల సందులోంచి సన్నగా పొగ వదులుతూ అల్లం బేరమాడుతోంది. మా వైపు దీన్ని అడ్డపొగ అంటారు. ఈ కొండల్లోనూ, కింద శ్రీకాకుళం పల్లెల్లోనూ ఆడవాళ్లకి తరాలుగా వస్తున్న అలవాటు. నేను కొనడానికి వెళ్లిన చిలగడదుంపలు కొనకుండానే వెనక్కి తిరిగాను. ఆ వరసలో నా కాళ్లు నిలవవు. నిలబడితే పద్మావతి గారు గుర్తొస్తారు. ఆవిడ గుర్తొస్తే, ఇన్నేళ్లయినా తేలని ఒక తగువు నాలో నాకే మళ్లీ మొదలవుతుంది.

పద్మావతి గారిని ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి నర్సుగా ఏజెన్సీకి వచ్చి, సర్వీసంతా ఇక్కడి ఆసుపత్రుల్లోనే చేసి, రిటైరయ్యాక కూడా కొండ దిగని మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నడిచేవారు. చీర మీద మగవాళ్ల స్వెట్టరు, కాళ్లకి కాన్వాసు బూట్లు. బస్సులో గానీ, పెళ్లిలో గానీ ముసలమ్మలు కనిపిస్తే చాలు, "ఏదీ, నోరు తెరు" అని సెల్‌ఫోన్ లైటు వేసి అంగిలి చూసేవారు. అందుకే ఆవిడకి నోటి నర్సమ్మ అని పేరు పడింది. వాళ్లమ్మ కూడా అడ్డపొగ తాగే అంగిలికి పుండు పడి పోయిందట. ఆ సంగతి ఆవిడ ఒక్కసారే చెప్పారు, అదీ ఎవరి గురించో చెప్పినట్టు.

నాకు పాడేరులో డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక ఇంటి దగ్గర చోడిచేనుకి, అదే రాగిచేనుకి, కాపలా ఉన్న రోజులవి. ఆవిడ అరకులో ఒక టైలరు షాపు వెనక రెండు గదులు అద్దెకి తీసుకుని, పొగ మానిపించే పని మొదలుపెట్టారని విని వెళ్లాను. నా సర్టిఫికెట్లు చేత్తో పక్కకి తోసేశారు.

"మీ ఇంట్లో అడ్డపొగ ఎవులు తాగుతారు?"

"మా నానమ్మండి."

"ఆవిడ నోట్లో ఎప్పుడైనా సూసేవా?"

"లేదండి."

"అయితే ఏటి సదువుకున్నావే గుంటా? ఇంటికెళ్లి సూసి రా. ఉజ్జోగం సంగతి తరవాత."

పెదబయలు దగ్గర మా ఊరికి వెళ్లి నానమ్మని నోరు తెరవమన్నాను. "నా నోట్లో బంగారం దాసేననుకున్నావా ఏటి?" అని నవ్వి, నవ్వుతూనే తెరిచింది. అంగిలంతా తెల్లగా, బీటలు తీసి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ నోటితోనే నాకు పాటలు పాడింది. ఒక్కసారీ లోపలికి చూడాలని తోచలేదు. తిరిగి వెళ్లి చూసింది చెబితే, నర్సమ్మ గారు తల ఊపి, "రేపు బేగి రా, ఊళ్లకెళ్లాలి" అన్నారు. అదే నా అపాయింట్‌మెంటు.

ఆవిడ ఎవర్నీ తిట్టేవారు కాదు. వానలో, చలిగాలిలో కలుపు తీసేవాళ్లకి మామూలు చుట్ట ఆరిపోతుంది. నిప్పు నోట్లో ఉంటే ఆరదు, పైగా చలి కాస్తుంది. "ఇది దుర్గుణం కాదే, సలి" అనేవారు. ఉదయమంతా చేల గట్ల మీద కూర్చుని, వాళ్లతో పాటు చోడి అంబలి తాగి, కబుర్లాడి, చివరికి నోరు చూసి లేచేవారు. నెమ్మదైన పని. కొందరు మానేవాళ్లు. ఎక్కువమంది మా ఎదుట మాత్రమే మానేవాళ్లు. ఆవిడ పెన్షన్‌లోంచి నాకు జీతం వచ్చేది, అదీ వచ్చిన నెలలో వచ్చేది.

తర్వాత నగరం నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. మా పని వాళ్లకి నచ్చింది. జీపు వచ్చింది, బ్యానర్లు వచ్చాయి, నాలాంటి వాళ్లు మరికొందరు చేరారు. కిరణ్ అనే కుర్రాడిని కోఆర్డినేటరుగా పంపారు. మంచివాడే, కష్టపడేవాడు. అయితే పని తీరు మారింది. ఊరూరా నోళ్లు చూసుకుంటూ పోతే ఎన్నాళ్లు పడుతుందని, ఏకంగా సంత మైదానంలోనే పొగాకు అమ్మకం, తాగడం రెండూ నిషేధించాలని గ్రామసభలో తీర్మానం చేయించాలన్నారు. ఏజెన్సీలో గ్రామసభ మాటకి బలం ఎక్కువ. ఒక సంతలో జరిగితే మిగతా సంతలకీ పాకుతుంది. నర్సమ్మ గారికి ఆ ఆలోచన నచ్చింది. వయసు మీద పడుతోంది, బేగి ఏదో ఒకటి జరగాలన్న ఆత్రం ఆవిడకి లోపల ఉండేది.

ఆ పొగాకు వరసలో మా సుక్రి పిన్ని కూర్చునేది, తనూ అడ్డపొగ తాగుతూ. మా ఊరి మనిషి, వరసకి పిన్ని. మొగుడు పోయాక పొగాకు అమ్మి ఇద్దరు పిల్లల్ని హాస్టల్లో చదివించింది. నన్ను బ్యానరుతో చూసినప్పుడల్లా, "నీ జీతం కోసరం నా గోనెపట్టా లాగేత్తావా?" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు చూసి నేను మరో దారిన వెళ్లేదాన్ని.

గ్రామసభకి ముందు విశాఖపట్నంలో ఒక హోటల్లో మాకు శిక్షణ పెట్టారు. భోజనాలయ్యాక ఒకాయన మాట్లాడాడు. పొగ మానాలనుకునేవాళ్లు నమలడానికి నికోటిన్ గమ్ తయారుచేసే కంపెనీ మనిషి. మీ సంతలు పొగాకు లేని సంతలయ్యాక అక్కడ తమ గమ్ చవగ్గా దొరికేలా చూస్తామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సమ్మ గారు లేచి నిలబడ్డారు.

"బాబూ, మా జీపు, మా జీతాలు మీ డబ్బేనా?"

ఆయన కిరణ్ వైపు చూశాడు. "నేరుగా కాదు మేడమ్. మా కంపెనీ ఫౌండేషన్ ఈ సంస్థకి సాయం చేస్తుంది. వాళ్లు మీకు చేస్తారు."

"మరి మాకు సెప్పలేదేం?"

"దాచింది ఏమీ లేదు మేడమ్, అడగలేదు కదా మీరు. అయినా మంచి పనేగా? మీకు ఆరోగ్యం కావాలి, మాకు వ్యాపారం కావాలి. ఇందులో ఎవరికి నష్టం?"

ఆయన అడిగినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. ఇప్పటికీ పూర్తిగా కనబడదు. తిరుగు ప్రయాణంలో ఘాటీ ఎక్కుతుంటే నర్సమ్మ గారు జీపు ఆపించి, రోడ్డు పక్క మొక్కజొన్న కంకులు కాలుస్తున్న చోట చాలాసేపు నిలబడ్డారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎవరిస్తే ఏంటండీ? నానమ్మ అంగిట్లో ఆ బీటలు కంపెనీ పెట్టినవి కావు కదా," అన్నాను.

"కాదు. గమ్ము కూడా మంచిదే. నానే ఎంతమందికో సెప్పేను," అన్నారు. ఒక కంకి తీసి నా చేతిలో పెట్టి, "కానీ నోళ్లు సూసుకుంటూ తిరిగిన మనం సుక్రి గోనెపట్టా లాగడానికి ఎప్పుడెళ్లేమే? అది మనకి తోసిన మాటా, ఆళ్లు మన సేత అనిపించిన మాటా? నాకు తెలీడం లేదు. అదే భయం" అన్నారు.

అవతలి వైపూ ఊరకే లేదు. పొగాకు వరస పోతే సంతకి జనం తగ్గుతారని ఉప్పు, ఎండుచేపల వాళ్లు హడలిపోయారు. పార్వతీపురం నుంచి వచ్చే సిగరెట్ల ఏజెంటు ఒకడు వాళ్లందరినీ పోగుచేసి చిరువ్యాపారుల సంఘం పెట్టించాడు. గ్రామసభ రోజున షామియానా, మైకు, భోజనాలు సంఘం తరపునే వచ్చాయి. సంఘం తరపున మాట్లాడడానికి లేచింది మా సుక్రి పిన్ని. మైకు పట్టుకోవడం అదే మొదలు కాబోలు, దాన్ని నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"నర్సమ్మా, నా కానుపులు రెండూ నువ్వే సేసేవు. నీ మీద నాకు కోపం లేదు. ఒక్కటి సెప్పు. మా కూడు తీసేయడానికి నీకు డబ్బులు ఎవులిత్తన్నారు?"

సభంతా నర్సమ్మ గారి వైపు తిరిగింది. కిరణ్ ఆవిడ చెవి దగ్గర వంగి, "దాతలని చెప్పండి మేడమ్, అబద్ధం కాదు కదా" అన్నాడు. నాకు వినబడింది. అలాగే అనాలని నేనూ మనసులో కోరుకున్నాను.

నర్సమ్మ గారు మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. కంపెనీ పేరు చెప్పారు, అది ఏం అమ్ముతుందో చెప్పారు, మీరు పొగాకు మానితే దానికి బేరాలు పెరుగుతాయని చెప్పారు. "ఇది నాకూ ఈ మధ్యే తెలిసింది. తెలిసేక మీకు సెప్పకుండా మీ సేతులెత్తించుకుంటే అది మోసం. ఇప్పుడు నువ్వు సెప్పే సుక్రీ, ఈ షామియానా ఎవులేయించేరు?"

సుక్రి పిన్ని పైకి చూసి, "సిగరెట్ల బాబు," అంది. జనం గొల్లున నవ్వారు. పిన్ని కూడా నవ్వేసింది. ఏజెంటు నవ్వలేదు.

"అయితే మనిద్దరం పరాయి డబ్బుతోనే వచ్చేం. అది పక్కనెట్టి, పొగాకు మంచిదో సెడ్డదో అదొక్కటే ఆలోసించండి," అని నర్సమ్మ గారు కూర్చున్నారు. కానీ జనం పక్కన పెట్టలేదు. ఎవరో బయటివాళ్లు తమ సంతని అమ్ముకోవడానికి వచ్చారన్న మాటే వాళ్ల చెవుల్లో నిలిచింది. తీర్మానానికి చేతులు లేవలేదు. లేచిన కాసిని చేతులూ అటూఇటూ చూసి దిగిపోయాయి.

ఆ సాయంత్రం కిరణ్ ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలియకుండా మాట్లాడాడు. "ఊరుకుంటే సరిపోయేది మేడమ్. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు. మీ నిజాయితీ కోసం ఎంతమంది నోళ్లు పుళ్లు పడాలి?" ఆవిడ తల వంచుకుని చివరిదాకా విన్నారు. కొన్నాళ్లకి జీపు వెళ్లిపోయింది, జీతాలు ఆగిపోయాయి. నేను కాఫీ రైతుల సహకార సంఘంలో చేరాను. ఆవిడ మళ్లీ బస్సుల్లో, నడకన, ఒంటరిగా ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు.

రెండు మూడు పంటలు గడిచాక సుక్రి పిన్ని తనంతట తానే ఆవిడ ఇంటికి వచ్చి నోరు తెరిచింది. అంగిలి మీద పుండు. నర్సమ్మ గారు నన్ను పిలిపించారు. ముగ్గురం పొద్దుటి బస్సుకి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టర్లు చేయగలిగింది చేశారు. వార్డులో పిన్ని ముద్దముద్దగా మాట్లాడేది. "ఆ రోజు నువ్వు నిజం సెప్పేవు, అందుకే నీ దగ్గరికే వచ్చేనే నర్సమ్మా," అంది ఒకసారి. ఆ మాటకి ఆవిడ మొహం వికసిస్తుందనుకున్నాను. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు.

పిన్ని వానలు మొదలయ్యేనాటికి పోయింది. మట్టి చేసి తిరిగి వస్తుంటే నేను ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు ఊరుకుని ఉంటే తీర్మానం అయ్యేది కదా, పిన్ని ఆ వరసలోంచి లేచేది కదా, లేచి ఉంటే బతికేదేమో కదా అని.

"బతికేదేమో," అన్నారు నర్సమ్మ గారు. "లేకపోతే ఇంటికాడే దాసుకుని తాగేదేమో. నా దగ్గరికి అసలు వచ్చేదే కాదేమో. రోజూ అదే నలుగుతాది నా మనసులో."

"మళ్లీ అలాంటి రోజొస్తే ఏం చేస్తారు?"

"అడిగితే సెప్పేత్తాను," అన్నారు వెంటనే. నాలుగడుగులు వేశాక, "మంచో సెడ్డో తెలీకుండానే సెప్పేత్తాను" అన్నారు. ఆ రెండో మాటలో ధైర్యం లేదు, దుఃఖం ఉంది. కిందటి చలికాలం ఆవిడ నిద్రలోనే పోయారు. కిరణ్ నగరం నుంచి వచ్చాడు. పాడె మోశాడు. మేమిద్దరం ఆ గ్రామసభ ఊసెత్తలేదు.

ఆవిడ నాకు ఇచ్చిపోయింది స్థిమితం కాదు. ఏ పని వచ్చినా, ఎంత మంచి మాట విన్నా, దీని వెనక ఎవరున్నారని అడగనిదే ఊరుకోలేను. అడిగి తెలుసుకున్నాక కూడా నిలవలేను, ఎందుకంటే డబ్బు ఎవరిదో తెలిసినంత మాత్రాన మాట నిజమో కాదో తేలదు. ఈ మధ్య మా సహకార సంఘం వాళ్లు కాఫీ కాయల్ని తొలిచే పురుగు గురించి రైతులకి ఒక చిన్న పుస్తకం రాయమన్నారు. పురుగు ఉచ్చులు అమ్మే కంపెనీ అచ్చు ఖర్చు పెట్టుకుంది. ఆ సంగతి మొదటి పేజీలోనే రాశాను. "ఇంత పెద్ద అక్షరాలా?" అని మా మేనేజరు విసుక్కున్నాడు గానీ తీసేయలేదు.

ఆ పుస్తకం పట్టుకుని పెదబయలు పైన ఒక ఊరికి వెళ్లాను. ముత్యాలమ్మ అనే రైతు తన కూతురి చేత మొదటి పేజీ చదివించుకుని, నా వైపు చూసింది.

"అయితే ఈ ఉచ్చులు మంచివా, ఆళ్లు అమ్ముకోడానికి సెప్తన్నారా?"

"అమ్ముకోడానికే చెప్తున్నారమ్మా. మంచివో కాదో నాకూ తెలీదు. పద, తోటలోకి వెళ్దాం."

తోటలో ఒక పక్క చెట్లకి ఉచ్చులు కట్టాం, రెండో పక్క అలాగే వదిలేశాం. కాయ పండేదాకా ఆగితే గానీ ఏ సంగతీ తెలియదని, ఇంటికి వెళ్లి కూర్చోమంది ముత్యాలమ్మ. కూర్చోలేకపోతున్నాను. పిలవకుండానే రెండుసార్లు ఆ కొండెక్కి కాయలు విప్పి చూసొచ్చాను. రేపు మళ్లీ వెళ్తున్నాను.