ముక్క కనపడని పప్పు

సాయంత్రం టీవీలో వార్తలు మొదలయ్యేసరికి ధర్మవరంలోని ఆ ఇంట మగ్గం చప్పుడు ఆగి, ఈశ్వరి పప్పుగుత్తి చప్పుడు మొదలవుతుంది. మామ గంగప్పకు సొరకాయ గిట్టదు. మొగుడు వీరేష్ వంకాయ కనిపిస్తే పళ్లెం తోసేస్తాడు. కొడుకు టమాటా తొక్కు ఏరి గోడకు అంటిస్తాడు. ఆమె ఆ మూడింటినీ తొక్కలు తీసి కందిబ్యాళ్లతో ఉడికించి, మోచేతుల దాకా చెమట పట్టేలా ఎనుపుతుంది. సంగటితో పాటు ముగ్గురూ నాకి వదిలిన పళ్లేలను బల్బు కింద తిప్పి చూసుకున్నాకే తాను తినడానికి కూర్చుంటుంది. "మా ఇంట్లో పళ్లేలు కడిగే పనే లేదక్కా" అని కొళాయి దగ్గర గొప్పగా చెప్పుకుంటుంది. ఎందుకో మాత్రం చెప్పదు.

ఒకరోజు మడకశిర నుంచి వచ్చిన ఆడబిడ్డ వరలక్ష్మి పొయ్యి పక్కన తొక్కలు చూసింది. అందరూ తింటుండగా, "ఏం నాయనా, సొరకాయ తింటాండావే! అన్న చూడు, వంకాయ తింటాండాడు!" అని గట్టిగా నవ్వింది. చేతులన్నీ ఆగిపోయాయి. ఈశ్వరి గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. గంగప్ప ఒక్క క్షణం పళ్లెంలోకి చూసి, సంగటి ముద్దలో బొటనవేలితో గుంత చేశాడు.

"ఆడనే నిలబడినావేమ్మా? ఇంగొంచెం ఎయ్యి."

మరునాడు ఈశ్వరి ముక్కలు వేలంత లావున తరిగింది. పప్పుగుత్తి గోడ మేకుకే వేలాడింది.