వైద్యం చేసింది మా పెద్దమ్మ

పోయిన మంగళవారం మా పెద్దమ్మ కన్నుమూసింది. రాచర్ల దగ్గరి పల్లె మాది. ఏసును నమ్ముకున్నవాళ్లమే, అయినా ఊరికి ఇంకా అంటరానివాళ్లమే. మునసబు గారు ఊరవతల ఉన్న మా పాలెం దారి మొదట్లోనే నిలబడి, "పాపం, బాగా మందు పోసేది" అని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. మందు పోసేదా?

మిషను ఆసుపత్రిలో దొరసాని దగ్గర పని నేర్చుకుని వచ్చినప్పటినుంచీ జ్వరానికీ పుండుకీ పురుడుకీ ఈ చుట్టుపట్ల ఆమే దిక్కు. ఊళ్లో నాడి చూసే ఆచారి గారు రోగి ముఖం చూడకుండా మాత్ర పంపినా, అది వైద్యం చేయడం. ఈమె మంచం పక్కనుంచి కదలకపోయినా, మందు పోయడమే!

ఆమె చేతి నీళ్లు అంటు. మందు కలపడానికి ఎవరి నీళ్లు వాళ్లే చెంబులో తెచ్చుకునేవాళ్లు. చెంబుకు చేయి తగలకుండా ఆమె పైనుంచి పొడి జారవిడవాలి. "పొడికి లేని అంటు నీళ్లకు యాడనుంచి వచ్చెనో" అని నవ్వేది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

కలరా వచ్చిన ఏడు మునసబు గారి కొడుకు పడిపోయాడు. ఆచారి గారు అప్పటికే కంభంలో చుట్టాలింటికి తరలిపోయారు. పెద్దమ్మను పశువుల కొట్టం దోవన లోపలికి రానిచ్చారు. పిల్లవాడి కక్కు ఎత్తిపోసింది, ఉప్పుగంజి కొంచెం కొంచెంగా పట్టించింది. కన్నతల్లి గడప దగ్గరే నిలబడింది. బిడ్డ లేచి కూర్చోగానే, పెద్దమ్మ తాకిన చోటల్లా కడిగి పేడనీళ్లు చల్లారు. నేను కోపంతో ఊగిపోతుంటే పెద్దమ్మ అన్నది:

"కడుక్కోనీలే నాయనా. ఇల్లు కడగండని నేను మొత్తుకుంటే ఇన్యారా? ఇట్లన్నా కడిగినారు."

ఇంకోసారి, "మందు సీసా గూడా పోస్తాది. మనిషి పక్కన కూసోవాల" అన్నది. అట్లా కూర్చున్నందుకు 'వైద్యం చేసింది' అని ఊరు ఒక్క మాట అనలేకపోయింది. మాటకు ఖర్చేముంది?

మొన్న, సమాధి మట్టి ఆరకముందే, పొరుగూరి గొర్రెలకాపరుల ఇల్లాలు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. చావు కబురు ఆమెకు అందలేదు. అలవాటు ప్రకారం వాకిట్లో ఎడంగా నిలబడింది. పెద్దమ్మ లేదని చెప్పాను.

"అయ్యో దేవుడా! మరి నా బిడ్డకు ఎవురు వైద్యం చేస్తారు?"

పాలెం బయటివాళ్ల నోట మా పెద్దమ్మ గురించి ఆ మాట నేను వినడం అదే మొదలు. వినాల్సిన మనిషి మట్టిలో ఉంది. ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు. ఆ ఇల్లాలు మాత్రం తను తెచ్చుకున్న నీళ్ల చెంబును, పైనుంచి పొడి జారవిడవడానికి వీలుగా, మూసిన తలుపు వైపు చాచి పట్టుకునే ఉంది.